ఊరి గుడి ఎంత పాతది? చేబ్రోలు రాళ్లూ కాగితాలూ చెప్పేది

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో ఉంటుంది చేబ్రోలు. 2019లో అక్కడి భీమేశ్వరాలయానికి మరమ్మతులు చేస్తుంటే ఒక శాసనం బయటపడింది. ఊరివాళ్లు కబురు చేస్తే కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం దాన్ని చదివింది. లిపి బ్రాహ్మీ, భాష సంస్కృతం. శాతవాహన రాజు విజయుడు ఏలుతున్న ఐదో ఏట, తాంబ్రాపే అనే ఊళ్లో, భగవతి సప్తమాతృకల (ఏడుగురు తల్లి దేవతల) గుడి దగ్గర కార్తికుడు అనే మనిషి ప్రాసాదమూ మండపమూ కట్టించి విగ్రహాలు నిలిపాడన్నది అందులోని విషయం. దీని కాలం క్రీ.శ. 207 అని నిర్ణయించారు. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని ప్రకటించారు.

ఇలాంటి వార్త వచ్చిన మర్నాడే ఏ ఊళ్లోనైనా "మా భీమేశ్వరాలయం 1,800 ఏళ్ల నాటిది" అనే మాట పుడుతుంది. తప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. శాసనం మాట్లాడింది సప్తమాతృకల గుడి గురించి, భీమేశ్వరుడి గురించి కాదు. రాయి దొరికిన చోటూ, రాయి చెబుతున్న చోటూ ఒకటే కానక్కర్లేదు. పాత గుడి పడిపోతే దాని స్తంభాలు కొత్త గుడికి మెట్లుగా, దూలాలుగా, పునాది రాళ్లుగా వాడుకోవడం మన దగ్గర వెయ్యేళ్లుగా నడుస్తున్న పద్ధతే. కాబట్టి ఈ శాసనం గట్టిగా రుజువు చేసేది ఒక్కటి: మూడో శతాబ్దం నాటికే ఆ ప్రాంతంలో తాంబ్రాపే అనే ఊరు ఉంది, ఆ ఊళ్లో మాతృకల ఆరాధన ఉంది.

గుడి ఎంత పాతదని అడిగేవాళ్లు నిజానికి ఒకే మాటలో నాలుగు విషయాలు అడుగుతున్నారు. ఊరు ఎప్పటిది, ఆ చోట పూజ ఎప్పటిది, దేవుడికి ఈ పేరు ఎప్పటిది, ఇవాళ కళ్లెదుట ఉన్న కట్టడం ఎప్పటిది. ఈ నాలుగింటికీ జవాబులు నాలుగు వేర్వేరు శతాబ్దాల్లో ఉండొచ్చు. వీటిని కలిపేసి ఒక్క సంవత్సరం చెప్పేస్తే గుడి బయట బోర్డుకి సరిపోతుందేమో గానీ ఊరి చరిత్రకి అన్యాయం జరుగుతుంది. చేబ్రోలు ఈ ముడి విప్పడానికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఏ పొరకి ఆ పొర ఆధారం దొరుకుతోంది.

ముందు ఊరి పేరు. చెంబు అంటే రాగి, ప్రోలు అంటే పట్టణం. చెంబ్రోలు కాస్తా చేబ్రోలు అయింది. సంస్కృతంలో రాసినవాళ్లు దాన్నే తామ్రపురి అన్నారు. శాతవాహనుల నాటి తాంబ్రాపేకీ, కాకతీయుల నాటి తామ్రపురికీ, ఇవాళ్టి చేబ్రోలుకీ మధ్య వరస తెగలేదు. ఇంత పొడుగున పేరు నిలిచిన ఊళ్లు మనకి ఎక్కువ లేవు. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. పిఠాపురం దగ్గర గొల్లప్రోలు మండలంలో ఒక చేబ్రోలు, పశ్చిమ గోదావరి వైపు ఉంగుటూరు మండలంలో ఇంకో చేబ్రోలు ఉన్నాయి. పాత పుస్తకంలో ఊరి పేరు కనబడగానే మనదే అనుకోకుండా, పక్కన ఏ తాలూకా, ఏ నాడు, ఏ సీమ అని రాశారో చూడాలి. గుంటూరు వైపు పాత సీమలైన వెలనాడు అనో, కమ్మనాడు అనో ఉంటే ఒకలా, పిఠాపురం సీమ అని ఉంటే ఇంకోలా దారి తీస్తుంది.

తరువాత దేవుడి పేరు. కాకతి గణపతిదేవుడి దగ్గర గజసాహిణిగా, అంటే ఏనుగుల దళపతిగా ఉన్న జాయప సేనాని చేబ్రోలు నుంచే ఈ ప్రాంతాన్ని పాలించాడు. నృత్తరత్నావళి రాసింది ఈయనే. దివిసీమకి చెందిన అయ్య వంశం వాడు. అక్కచెల్లెళ్లు నారమాంబ, పేరమాంబ గణపతిదేవుడి రాణులు. ఈయన వేయించిన 1213 నాటి శాసనం చేబ్రోలులో ఉంది. తండ్రి చోడి పేరు నిలవాలని ఊళ్లో చోడేశ్వరాలయం కట్టించాడు. దివిసీమలో రాజు పేరున గణపేశ్వరాలయం కట్టించాడు. ఈ రెండు పేర్లూ ఒక తాళంచెవి లాంటివి. శివుడికి 'ఈశ్వర' ముందు మనిషి పేరు చేరిందంటే ఎక్కువసార్లు అది కట్టించినవాడి పేరో, వాళ్ల తల్లిదండ్రుల పేరో, ఏలిక పేరో అయి ఉంటుంది. మన జిల్లాల్లో లెక్కలేనన్ని భీమేశ్వరాలయాలకి "పాండవుల్లో భీముడు ప్రతిష్ఠించాడు" అనే స్థలపురాణం ఉంటుంది. తూర్పు చాళుక్యుల్లో భీముడి పేరుతో ఒకరికి మించి రాజులున్నారు. పాలకుడి జ్ఞాపకం ఊరి నాలుక మీద చెరిగిపోయి, ఆ పేరు అందరికీ తెలిసిన భీముడికి అంటుకోవడం సహజం. అలాగని ప్రతి భీమేశ్వరుడూ చాళుక్య భీముడి గుడే అనడానికీ వీల్లేదు. శాసనం దొరికేదాకా అది బలమైన అనుమానం మాత్రమే.

స్థలపురాణాన్ని అబద్ధమని కొట్టిపారేసేవాళ్లూ, చరిత్ర అని వాదించేవాళ్లూ ఇద్దరూ దానికి లేని పని అంటగడుతున్నారు. ఆ దేవుణ్ణి ఊరు ఎలా తలుచుకుందో, ఏ తీర్థంతో, ఏ నదితో, ఏ పర్వదినంతో ముడిపెట్టుకుందో అది చెబుతుంది. సంవత్సరం చెప్పడం దాని పని కాదు. విశ్వాసానికి స్థలపురాణం, కాలానికి శాసనం, భూమికి దస్తావేజు: ఏ ప్రశ్నకి ఏది సాక్షి అన్నది తేల్చుకుంటే సగం గొడవలు తగ్గిపోతాయి.

ఒక్కోసారి ఊరి సంగతి వేరే ఊరి రాయి చెబుతుంది. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద యుద్ధమల్లుడి శాసనం ఉంది. పదో శతాబ్దం మొదటి సగం నాటిది, మధ్యాక్కర అనే దేశి ఛందస్సులో ఉన్న తెలుగు పద్య శాసనం. బెజవాడలో కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించిన సంగతి చెబుతూ, ఆ స్వామి చేబ్రోలు నుంచి జాతరకి వచ్చినట్టు అందులో ఉంది. మఠంలో గొరగలు అనే శైవులు తప్ప మరొకరు ఉండకూడదనే కట్టడి కూడా అందులోనే ఉంది. ఇవాళ చేబ్రోలు అనగానే అందరికీ బ్రహ్మ గుడి గుర్తొస్తుంది. వెయ్యేళ్ల కిందట మాత్రం చేబ్రోలు అంటే కుమారస్వామి ఊరు. సప్తమాతృకలకీ కుమారస్వామికీ పురాణాల్లో దగ్గరి సంబంధం ఉంది కాబట్టి 207 నాటి గుడికీ ఈ కుమారస్వామికీ ముడి వేయాలని మనసు లాగుతుంది. మధ్యలో 700 ఏళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఆధారంతో పూడ్చాలి గానీ ఇష్టంతో కాదు.

శాసనం చేతికొస్తే ఎలా చదవాలి

మన మధ్యయుగపు గుడి శాసనాలకి ఒక అచ్చు ఉంటుంది. పైన సూర్యచంద్రుల బొమ్మలు, అంటే ఆ దానం ఆచంద్రార్కం నడవాలని. తరువాత స్తుతి, రాజు బిరుదులు, తేదీ, దాత పేరూ వంశమూ, ఇచ్చింది ఎంత, ఎవరికి అప్పగించారు, చివర శాపం. "స్వదత్తాం పరదత్తాం వా" అనే శ్లోకం కనబడితే శాసనం ముగింపుకి వచ్చినట్టే. తాను ఇచ్చినదైనా ఇతరులు ఇచ్చినదైనా ఆ భూమిని కాజేసినవాడు 60 వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని దాని అర్థం. ఈ అచ్చు తెలిస్తే, అక్షరాలు సగం అరిగినా ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది.

తేదీ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక 1135 అంటే 1213. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి ఉగాది దాకా పడే తిథులకి 79 కలపాలి. ఇక్కడ ఒక మెలిక. చాలా దానాలు ఉత్తరాయణ సంక్రాంతినాడు జరిగినవి. ఇవాళ సంక్రాంతి జనవరి 14 అని 79 కలిపేస్తే తప్పు పడుతుంది. 12వ శతాబ్దంలో ఆ సంక్రాంతి డిసెంబరు 24, 25 తేదీల్లో వచ్చేది. కాబట్టి 78 కలపాల్సిందే.

సరిచూసుకోవడానికి ప్రభవాది పేర్లు ఉన్నాయి. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలిన శేషమే ప్రభవ నుంచి వరస సంఖ్య. శేషం సున్నా వస్తే అక్షయ. 1135కి 12 కలిపితే 1147. అరవై పంతొమ్మిదులు 1140 పోగా మిగిలింది 7. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస, శ్రీముఖ: ఏడోది శ్రీముఖ. రాతిమీద అంకె ఒకటి చెబుతూ సంవత్సరం పేరు ఇంకోటి చెబితే, ఒక ఏడాది తేడా మామూలే. గడిచిన సంవత్సరం లెక్కా, నడుస్తున్న సంవత్సరం లెక్కా రెండూ వాడారు. పదేళ్ల తేడా వస్తే మాత్రం అంకెని తప్పు చదివామని అర్థం.

కొన్నిచోట్ల అంకెలే ఉండవు, మాటలుంటాయి. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేక సంవత్సరాన్ని కోరుమిల్లి తామ్రశాసనం వేదం, అంబురాశి, నిధి అని చెబుతుంది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. కుడి నుంచి ఎడమకి చదవాలి: 944. అంటే 1022. ఎడమ నుంచి కుడికి చదివితే 449 అయి, రాజు 500 ఏళ్లు వెనక్కి పోతాడు. ఇక చేబ్రోలు శాతవాహన శాసనంలో ఏ శకమూ లేదు, రాజు ఏలుబడి ఏడు మాత్రమే ఉంది. 207 అన్నది రాజుల వరస కట్టి తేల్చిన లెక్క. కొత్త ఆధారం దొరికితే ఆ అంకె కొద్దిగా అటూ ఇటూ కదలొచ్చు. శక 1135 లాంటి తేదీ మాత్రం కదలదు. రెండింటినీ ఒకే గట్టిదనంతో రాయకూడదు.

దాన భాగాన్ని చాలామంది వదిలేస్తారు. ఊరి మూలాలు వెతికేవాళ్లకి అసలు నిధి అక్కడుంది. గుడిలో అఖండ దీపానికి ఒక దాత, ఎక్కువగా, 50 గొర్రెలు ఇస్తాడు. శాసనాల్లో వీటిని ఇనుపయెడ్లు అంటారు. మందని ఒక బోయ తీసుకుంటాడు. "వీనిం జేకొని" అంటూ అతని పేరు రాసి, తన పుత్రపౌత్రికంగా రోజూ మానెడు నెయ్యి పోయాలని చెబుతారు. రాజు పేరు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లో మంద కాచిన మనిషి పేరు దొరికేది ఈ ఒక్క వాక్యంలోనే. దానాలిచ్చిన ఆడవాళ్ల పేర్లు, చిన్న వర్తకుల పేర్లు, పక్క పల్లెల పేర్లు, పొలం హద్దుల్లో వచ్చే చెరువులూ పుట్టలూ డొంకలూ కూడా ఇక్కడే ఉంటాయి. హద్దులో చెప్పిన చెరువు ఇవాళ్టి ఊరి పటంలో ఎక్కడుందో వెతకడం ఊరివాళ్లు మాత్రమే చేయగల పని. బయటి పండితుడికి అది సాధ్యం కాదు.

రాయి పాడయ్యేది మన చేతుల్లోనే

శాసనాలు ఎండకీ వానకీ పోయినదానికంటే భక్తితో చేసిన పనులకి పోయింది ఎక్కువ. ఏటేటా సున్నం పూస్తే గాట్లు పూడిపోతాయి, కానీ సున్నం కింద అక్షరం బతికే ఉంటుంది, నిపుణులు తీయగలరు. ఎనామిల్ రంగు రాతి రంధ్రాల్లోకి దిగుతుంది, తీయడం కష్టం. అన్నిటికంటే చేటు ఇసుక ఊదడం. మిషన్‌తో ఒత్తిడిగా ఇసుక కొట్టి రాయి "కొత్తగా" చేస్తారు. లోతు తక్కువున్న అక్షరాల అంచులు ఆ ఒక్క పూటలో పోతాయి, మళ్లీ రావు. తరువాతిది గ్రానైటు పలకలు, టైల్సు. శాసనమున్న గోడ మీద సిమెంటు పట్టించి టైల్సు అతికితే అది ఉన్నట్టే మరో తరానికి తెలియదు. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో ఊరిమీద ప్రేమతో పంపిన డబ్బు చాలాసార్లు సరిగ్గా ఈ పనికే ఖర్చవుతోంది. డబ్బు పంపేవాళ్లు ఒక్క షరతు పెడితే చాలు: పాత రాయిని ముట్టుకునేముందు ఫోటోలు తీయాలి, శాసనమున్న రాయిని కదపకూడదు, కదపక తప్పకపోతే గుడి ఆవరణలోనే నిలబెట్టాలి.

ఫోటో తీయడానికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. మధ్యాహ్నం ఎండలో, ఎదురుగా నిలబడి తీస్తే ఏమీ కనబడదు. చీకటి పడ్డాక టార్చిలైటుని రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేస్తే గాట్లలో నీడ నిలబడి, పగలు కనబడని అక్షరం లేచి వస్తుంది. లైటుని ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి వేసి తీయాలి. ఒక్కో దిక్కు వెలుగు ఒక్కో గీతని దాచేస్తుంది. రాయి పెద్దదైతే ముక్కలుగా తీయాలి, ప్రతి ముక్కలో ముందు ముక్క మూడో వంతు కనబడాలి. పక్కన స్కేలు పెట్టాలి. అక్షరాలు తెల్లగా కనబడాలని సుద్ద రుద్దడం, పిండి పూయడం చేయకూడదు. రుద్దిన చెయ్యి తనకి అక్షరమనిపించిన గీతనే నింపుతుంది. తరువాత చదివేవాడు రాతిని కాక ఆ చేతిని చదువుతాడు. తడి కాగితం రాతిమీద పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీయడం శిక్షణ ఉన్నవాళ్ల పని. రక్షిత కట్టడమైతే అనుమతి కూడా కావాలి.

రాయి దగ్గరికి పోయేముందే అచ్చయిన పాఠం ఉందేమో చూడటం మేలు. శాసనాల వార్షిక నివేదికలు 1887 నుంచి వస్తున్నాయి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో 4, 5, 6, 10 సంఖ్యల్లో తెలుగు శాసనాలు చాలా ఉన్నాయి. నూరేళ్ల కిందట నకలు తీశాక మాయమైన రాళ్లు ఎన్నో కాగితం మీద భద్రంగా ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం కార్యాలయం మైసూరులో ఉంది.

కైఫీయతు ఎక్కడిదాకా నమ్మాలి

శాసనాలు ఆగిపోయిన చోట కైఫీయతులు అందుకుంటాయి. 18వ శతాబ్దం చివర్లో, 19వ శతాబ్దం మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా కరణాల చేత రాయించుకున్న ఊరి వృత్తాంతాలివి. ఊరు ఎలా పుట్టింది, ఎవరెవరు ఏలారు, గుళ్లు ఎన్ని, మాన్యాలు ఎంత, చెరువులు, తోటలు అన్నీ ఉంటాయి. మూల ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. చాలా జిల్లాలవి అచ్చయ్యాయి.

వీటిని తూచే పద్ధతి ఒకటుంది. రాసిన కరణం తాత చూసినదాకా, అంటే రాసిన తేదీకి వెనక సుమారు నూరేళ్ల దాకా, కైఫీయతు బలమైన సాక్ష్యం. అంతకు వెనక్కి పోయేకొద్దీ విన్నమాట. గుంటూరు వైపు కైఫీయతుల్లో తరచూ వచ్చే మాట ఇది: గణపతి మహారాజు మంత్రి గోపరాజు రామన్న శక 1067లో గ్రామ కరణాలకి మిరాశీలు, అంటే వంశపారంపర్య హక్కులు, ఇచ్చాడని. శక 1067 అంటే 1145. గణపతిదేవుడు పాలించింది 1199 నుంచి 1262 దాకా. రెండూ పొసగవు. కరణాలకి మిరాశీ పత్రం తమ హక్కుకి పునాది కాబట్టి ఆ కథ ఊరూరా ఒకే మాటల్లో నిలిచింది, తేదీ మాత్రం తేలిపోయింది.

దీనికి భిన్నంగా చతుర్ముఖ బ్రహ్మ గుడి సంగతి చూడండి. కోనేటి మధ్యలో ఉండే ఈ గుడిని కట్టించింది అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఏలింది 1783 నుంచి 1816 దాకా. మెకంజీ మనుషులు ఈ సీమలో తిరిగినప్పుడు ఆయన బతికే ఉన్నాడు. కాబట్టి ఆయన కట్టడాల గురించి అప్పటి రాతలు దాదాపు కళ్లారా చూసిన సాక్ష్యం. చెంచుల్ని భోజనానికి పిలిపించి నరికించాడని, ఆ పాపం వెంటాడితే పరిహారంగా గుళ్లు కట్టించాడని జనం చెప్పుకుంటారు. అమరావతి దగ్గర నరుకుళ్లపాడు పేరుని కూడా ఆ సంఘటనతోనే ముడిపెడతారు. బ్రహ్మ గుడి చూడటానికి వెళ్లినవాళ్లు దాని శిల్పమే కాక, దాని వెనక ఊరు మోస్తున్న ఈ చావుల జ్ఞాపకాన్ని కూడా తెలుసుకోవాలి. చేబ్రోలు గుళ్లలో జనం ఎక్కువగా తలుచుకునే ఈ బ్రహ్మ గుడి కట్టడంగా కొత్తది. ఎవరూ తలుచుకోని సప్తమాతృకల గుడి అన్నిటికంటే పాతది.

మాన్యం కాగితం, ఇంటి వరస

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. గుళ్లు, మసీదులు, దర్గాలు, పురోహితులు, గ్రామ సేవకులు అనుభవిస్తున్న ఇనాం భూములన్నిటినీ 1860ల్లో ఊరివారీగా రాశారు. దాన్నే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అంటారు. ఎవరిచ్చారు, మొదట ఎవరికి, విస్తీర్ణం, ఏ సేవకి, ఇప్పుడు ఎవరి చేతిలో, హక్కు పత్రం నంబరు అన్నీ అందులో ఉంటాయి. వారసత్వం చూపించడానికి వంశవృక్షాలు ఇచ్చుకున్నారు కాబట్టి ఇంటి మూలాలకీ ఇది పనికొస్తుంది. వెతికేవాళ్లు ఒక చోట ఇరుక్కుంటారు. గుంటూరు జిల్లా 1859లో రద్దయి 1904లో మళ్లీ ఏర్పడింది. మధ్య కాలపు రికార్డు అంతా కృష్ణా జిల్లా పేరున ఉంటుంది. గుంటూరు అని అడిగితే లేదంటారు.

ఈ రిజిస్టరులో "అర్చక సర్వీసు" అని ఉందా, దేవుడి పేరున ఉందా అన్నది గీత గీసినట్టు చూడాలి. సేవ కోసం ఇచ్చిన భూమి, 1956 ఇనాముల రద్దు చట్టం తరువాత పట్టా ఎవరి పేరున మారిందో, దేవాదాయ చట్టం 43వ సెక్షను కింద గుడి ఆస్తులు రాసిన రిజిస్టరులో ఎంత ఉందో, రిజిస్ట్రేషన్ల నిషేధిత జాబితాలో ఏ సర్వే నంబర్లున్నాయో వరసగా పక్కపక్కన పెట్టాలి. మూడింట్లో విస్తీర్ణం తేడా వస్తే, ఆ తేడా ఎక్కడ పుట్టిందో ఆ ఏడాది అడంగలు (ఊరి సాగు లెక్క) దగ్గర దొరుకుతుంది.

రాయిలోనూ ఇనాములోనూ కనబడని ఇళ్లు ఊళ్లో సగానికి పైనే. వాళ్ల మూలాలకి దారులు వేరు. గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ 1842లో పని మొదలుపెట్టాడు. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్ 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. దళిత కుటుంబాలకి తాత ముత్తాతల పేరు మొదటిసారి కాగితం మీదికెక్కింది చాలాచోట్ల చర్చి రిజిస్టరులోనే. పాత పేరూ, కొత్త పేరూ, పల్లె పేరూ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పాత పేరుతోనే అడగాలి. రైతు కుటుంబాల గోత్రాలూ ఇంటిపేర్లూ పాటగా చెప్పే పిచ్చుకగుంట్లవాళ్లు ఇంకా అక్కడక్కడ వస్తున్నారు. వాళ్లు చెప్పే వరసలో కొన్ని పేర్లు తగ్గుతాయి, కొన్ని కలుస్తాయి, కానీ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వలస వచ్చారన్న మాట తరచూ సరిగ్గా ఉంటుంది. వచ్చినప్పుడు కట్నం ఇచ్చి పంపేయకుండా, కూర్చోబెట్టి మొత్తం పాటని ఫోనులో రికార్డు చేసి, పాడినవాళ్ల ఊరు, రికార్డు చేసిన తేదీ పక్కన రాసి పెట్టాలి.